మూలకారణం: అమ్మ

సోమవారం ఉదయం ఇన్‌స్పెక్టర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. తాను స్వయంగా బిగించిన కంప్యూటర్‌ను గంటసేపు నడిపి చూడాలి. అంతా బాగుందని భార్యకు అప్పగించి డ్యూటీకి వెళ్లిపోవాలి. కాఫీ తాగడం వరకూ పథకం సజావుగానే సాగింది.

ఇన్‌స్పెక్టర్ అంటే పోలీసు కాదు. బిస్కెట్ల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఇన్‌స్పెక్టర్. విరిగిన బిస్కెట్టు ఎందుకు విరిగిందో, ఎవరి వల్ల విరిగిందో ఫారంలో నింపడం అతని ఉద్యోగం. ఇరవై ఏళ్లుగా నింపుతున్నాడు; బిస్కెట్లు విరుగుతూనే ఉన్నాయి. వీధి వీధంతా "ఇన్‌స్పెక్టరు గారూ" అనే పిలవడంతో ఆ ఉద్యోగం ఇంట్లో కూడా దిగేది కాదు.

"దుకాణంలో కొన్న కంప్యూటర్ ఎవడి చేతిదో ఏమిటో! మనం బిగించుకుంటే ప్రతి మరా మన మాట వింటుంది" అని నెల్లాళ్లు విడిభాగాలు తెప్పించాడు. లోపలి వేడి తగ్గడానికి తెప్పించిన ఫ్యాను నాలుగు వేళ్ల ఎత్తు ఎక్కువైంది. దాంతో పెట్టెకు పక్క మూత పట్టలేదు. "మూత లేకపోవడం లోపం కాదు, గాలి ఆడడానికి ఏర్పాటు" అని ప్రకటించి మూతను మంచం కిందికి తోశాడు. నడుం నొప్పి కాబట్టి, ఎత్తు పెంచుకోడానికీ తగ్గించుకోడానికీ పిడి ఉన్న కొత్త ఆఫీసు కుర్చీ ఒకటి దాని ముందు వేశాడు.

ఇదంతా భార్య కోసమే. ఆవిడ లెక్కల టీచరు. ఇంట్లోనే కూర్చుని దూరాన ఉన్న పిల్లలకు పాఠాలు చెప్పే ఉద్యోగం ఒకటి రాబోతోంది. శనివారం పదకొండింటికి ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ తెర మీద కూర్చుని ఆవిడ పాఠం వింటారు. నచ్చితే ఉద్యోగం, లేకపోతే లేదు.

ఇంట్లో మూడో మనిషి ఇన్‌స్పెక్టర్ తల్లి. ముందు పెద్దకొడుకు దగ్గర, తర్వాత కూతురి దగ్గర ఉండి, ఆరు నెలల కిందట ఇక్కడికి వచ్చింది. ఎక్కడికి వెళ్లినా పెట్టెలో సగం బట్టలు బయటికి తీసేది కాదు. అడిగితే "తీస్తే మళ్లీ సర్దాలిగా" అనేది. ఈ ఇంట్లో మాత్రం, పోయిన నెలలో ఒకరోజు ఎవరికీ చెప్పకుండా బట్టలన్నీ తీసి బీరువాలో పెట్టుకుంది. ఖాళీ పెట్టెను అటక మీదికి ఎక్కించింది.

ఆ సోమవారం ఆవిడ గుమ్మంలోకి వచ్చి "నాన్నా, కాఫీలో చక్కెర సరిపోయిందా?" అంది.

ఇన్‌స్పెక్టర్ దిగ్గున లేచి "సరిపోయిందమ్మా" అన్నాడు.

వెనక తెర నల్లబడింది.

మళ్లీ ఆన్ చేశాడు. అరగంట బుద్ధిగా నడిచింది. తల్లి వచ్చి "కిటికీ తెరవనా? ఎండ బాగుంది" అంది. అతను లేచి "నేను తెరుస్తాలేమ్మా" అనేలోగా తెర మళ్లీ ఆరిపోయింది. ఇన్‌స్పెక్టర్ డ్యూటీకి వారం సెలవు పెట్టేశాడు.

ఆ రోజంతా తీగలన్నీ పీకి మళ్లీ గుచ్చాడు. కరెంటు డబ్బా మార్చాడు. మెమరీ ముక్కలు ఊడదీసి రబ్బరుతో రుద్దాడు. అది చూసి భార్య "చెరిపేస్తున్నారేమిటండీ, అందులో ఉన్నదంతా?" అని భయపడింది.

బావమరిదికి ఫోన్ చేశాడు. వాడు కంప్యూటర్ల కంపెనీలో పనిచేస్తాడు. అక్కడ తలుపు దగ్గర కార్డులు చూసే పనే అయినా, గాలి సోకి ఉంటుందని ఇంట్లో నమ్మకం.

"బావా, అది ఎందుకు ఆగిందో దాని లోపలే రాసుకుంటుంది. తీసి చూడు."

తీసి చూశాడు. "యంత్రం అనుకోకుండా ఆగిపోయింది. కారణం తెలియదు" అని రాసి ఉంది. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఇంత నిజాయితీగల నివేదికను ఇన్‌స్పెక్టర్ చూడలేదు. నిజాయితీ అతనికి సరిపోదు కాబట్టి ఫ్యాక్టరీ ఫారాలు తెచ్చి గోడకు తగిలించాడు. సమయం, సంఘటన, దగ్గర ఉన్నవారు, కారణం, నివారణ చర్య, గడువు: ఒక్కోదానికి ఒక్కో గడి. రాసేవాడి పేరుకు మాత్రం గడి లేదు. తనిఖీ చేసేవాణ్ని ఎవరు తనిఖీ చేస్తారు?

బుధవారం సాయంత్రానికి కంప్యూటర్ పదకొండుసార్లు ఆగింది. తొమ్మిదిసార్లు "దగ్గర ఉన్నవారు" గడిలో అమ్మ ఉంది. మిగతా రెండుసార్లు కాలింగ్ బెల్ మోగింది. ఇన్‌స్పెక్టర్ దూకుడుగా లేచి వెళ్లేలోపే తలుపు తీసింది ఎవరు? అమ్మే.

"బావా, దొరికిపోయింది!" అన్నాడు బావమరిది స్పీకర్ ఫోన్లో. "అత్తయ్యగారు ఉన్ని శాలువా కప్పుకుంటారుగా? ఒంట్లో కరెంటు పుడుతుంది. అది గాల్లోంచి వచ్చి కొడుతోంది."

"ఒరేయ్, నా ఒంట్లో అంత కరెంటే ఉంటే ఈ మోకాళ్లు ఇలా ఎందుకేడుస్తాయిరా?" అంది తల్లి. అయినా శాలువా తీసి ఇచ్చేసింది. కరెంటు భూమిలోకి దిగడానికని ఆవిడ భుజాన తడి తువ్వాలు వేశారు. చెవి మిషన్ కూడా అనుమానితుల జాబితాలో ఉండడంతో అదీ తీయించారు. గదిలో సుద్దతో గీత గీసి, దాటొద్దన్నారు.

ఆవిడ గీత దాటలేదు. గీత అవతలే నిలబడి, తన మాట తనకే వినపడక, వీధి దద్దరిల్లేలా "నాన్నా! అన్నానికి రా!" అని కేకేసింది. ఇన్‌స్పెక్టర్ ఉలిక్కిపడి లేచాడు. తెర ఆరిపోయింది.

"పది అడుగుల అవతల నుంచి! ప్రభావం పెరుగుతోంది" అని రాసుకుని అతను గీతను హాల్లోకి జరిపాడు. తర్వాత వంటింట్లోకి. గురువారం పొద్దుటికి గీత వరండాకు చేరింది.

పక్కింటి రేడియో బాబాయ్ గోడ మీంచి తొంగి చూశాడు. ఆయన ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు. రేడియోలు పోయాయి, పేరు ఉండిపోయింది.

"ఏంటక్కయ్యా, తడి తువ్వాలేసుకుని వరండాలో కూర్చున్నారు?" అని గట్టిగా అడిగాడు.

"కంప్యూటర్‌కి నేను పడనట" అని తుమ్మింది ఆవిడ.

అదే రోజు మధ్యాహ్నం తుది పరీక్ష జరిగింది. తల్లిని రెండు గంటలు పార్కులో కూర్చోబెట్టి వచ్చి ఇన్‌స్పెక్టర్ కంప్యూటర్ ముందు కదలకుండా కూర్చున్నాడు. అది ఒక్కసారి కూడా ఆగలేదు. నడుం పట్టుకుని మెల్లగా లేచి భార్యను పిలిచాడు.

"చూశావా? సైన్సు!"

"ఏం సైన్సండీ? కన్నతల్లిని చలిలో బెంచీ మీద వదిలేసి వచ్చారు. రేపు నాకు దగ్గొస్తే నన్నెక్కడ కూర్చోబెడతారు?"

"శనివారం నీ ఉద్యోగం. తర్వాత నీ ఇష్టం."

శుక్రవారం అతను ఫారం పూర్తి చేశాడు. కారణం: అమ్మ. నివారణ చర్య: అక్క ఇంటికి పంపుట. గడువు: శనివారం ఉదయం పది. పాఠం జరిగే రెండు గంటల కోసమేనని అతని మనసులో ఉంది. ఎంతసేపటికి అనే గడి ఆ ఫారంలో లేదు.

తల్లి చేతికందిన కాగితం చదవకుండా వదిలే మనిషి కాదు. మందు సీసా చీటీ కూడా చివరిదాకా చదువుతుంది. బడి ముఖం చూడకపోయినా అక్షరాలు తనకు తనే నేర్చుకుని, తర్వాత కొడుకు చేత పలక మీద దిద్దించింది. గోడ మీది ఫారాన్ని రెండుసార్లు చదివింది. అక్షరాలు గుండ్రంగా, తను నేర్పినట్టే ఉన్నాయి. ఒక్క తప్పు కూడా లేదు. అటక మీంచి పెట్టె దింపుకుంది.

మర్నాడు ఉదయం ఇన్‌స్పెక్టర్ వరండాలోకి వచ్చి "అమ్మా, టాక్సీ చెప్పాను. అక్క ఇంటికి..." అన్నాడు గట్టిగా.

"తెలుసు నాన్నా. చదివాను."

ఫ్యాక్టరీలో ఎవరూ ఫారాలు చదవరు. ఇంట్లోనైనా చదివేవాళ్లు ఉన్నందుకు అతను సంతోషించాడు.

పదింటి టాక్సీ పదకొండైనా రాలేదు. లోపల పాఠం మొదలైంది. తెర మీద హెడ్‌మిస్ట్రెస్ కళ్లజోడు సవరించుకున్నారు. ఇన్‌స్పెక్టర్ మూలన స్టూలు మీద ఫారం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పాఠం త్రిభుజాల గురించి.

"మూడు భుజాలుంటేనే త్రిభుజం. ఇందులో ఒకటి తీసేశామనుకోండి..." అంటూ భార్య యథాలాపంగా కిటికీలోంచి చూసింది. గేటు దగ్గర టాక్సీ ఆగి ఉంది. రేడియో బాబాయ్ పెద్ద పెట్టెను డిక్కీలోకి ఎత్తుతున్నాడు. అత్తగారు పక్కన నిలబడి ఉన్నారు. ఆవిడ చంకలో తలగడ ఉంది.

రెండు గంటల కోసం వెళ్లేవాళ్లు తలగడ పట్టుకెళ్లరు.

"అత్తయ్యా!" అని ఆవిడ కుర్చీలోంచి ఎగిరి లేచింది. హెడ్‌మిస్ట్రెస్ మాయమైపోయారు.

భార్య గేటు వైపు పరిగెత్తింది. ఇన్‌స్పెక్టర్ నల్లటి తెరను చూశాడు, కిటికీని చూశాడు, అడుగులు లెక్కేశాడు. నలభై! అంత దూరం అతని సైన్సు కూడా వెళ్లదు. ఫారం ఊపుకుంటూ అతనూ పరిగెత్తాడు.

"అమ్మా! ఆగు! నువ్వు కాదు! నువ్వు లేకుండానే ఆగిపోయింది!"

చెవి మిషన్ లేని తల్లికి ఒక్క ముక్క వినపడలేదు. కొడుకు గోడ మీది కాగితం పట్టుకుని వస్తున్నాడని మాత్రం కనిపించింది.

"చదివానన్నాగా నాన్నా. సంతకం కూడా పెట్టాలా?"

అతను ఫారం నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కి, తల్లి చంకలోంచి తలగడ లాక్కున్నాడు.

అందరూ లోపలికి వచ్చారు. భార్య కళ్లు తుడుచుకుంటూ కంప్యూటర్ ఆన్ చేసి కూర్చుంది. హెడ్‌మిస్ట్రెస్ మళ్లీ తెర మీదికి వచ్చారు. అత్తగారు గుమ్మంలోకి, అలవాటుగా పాత సుద్ద గీత దాకా వచ్చి ఆగారు. కోడలు చటుక్కున లేచి "రండత్తయ్యా, ఇలా కూర్చోండి" అంది. తెర ఆరిపోయింది.

పెట్టె మోసుకొచ్చిన రేడియో బాబాయ్ పెట్టె కింద పెట్టలేదు. "అమ్మాయ్, మళ్లీ ఆన్ చెయ్. కూర్చో. పాఠం అయ్యేదాకా ఆ కుర్చీలోంచి లేచావంటే ఒట్టు. ఎవరొచ్చినా సరే."

ఆవిడ మేకు కొట్టినట్టు కూర్చుని పాఠం ముగించింది. అత్తగారు గుమ్మంలోనే, మళ్లీ ఉన్ని శాలువా కప్పుకుని, త్రిభుజాలన్నీ చూశారు. తెర రెప్ప కూడా కొట్టలేదు.

"ఇప్పుడు నువ్వు కూర్చో అబ్బాయ్" అన్నాడు బాబాయ్. "మెల్లగా లే."

నడుం పట్టుకుని లేచాడు. ఏమీ కాలేదు.

"అమ్మ వచ్చిందనుకుని లే."

దిగ్గున లేచాడు. ఆరిపోయింది.

"ఇలాంటి కుర్చీలోంచి ఒక్కసారిగా లేస్తే కంటికి కనపడని రవ్వలాంటిది పుడుతుందయ్యా. నా రేడియోలు టక్కుమనేవి. ఆ కంప్యూటర్ పెట్టెకు మూత ఉంటే మూత అడ్డుకునేది. ఆ మూతను నువ్వు మంచం కింద పడుకోబెట్టావు!"

ఇన్‌స్పెక్టర్‌కు ఒకసారి చూస్తే నమ్మకం కుదరదు. పదిసార్లు కూర్చుని లేచాడు. చెవి మిషన్ పెట్టుకున్న తల్లి స్టూలు మీద కూర్చుని లెక్కపెట్టింది. "చిన్నప్పుడు తప్పించుకున్న గుంజీళ్లు. ఎనిమిది. నడుం వంచకు. తొమ్మిది."

సాయంత్రం హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేశారు. ఉద్యోగం ఇస్తున్నామన్నారు. పాఠం మధ్యలో మాయమైన టీచర్లు చాలామంది ఉన్నారట. రెండుసార్లు మాయమై రెండుసార్లూ తిరిగొచ్చింది ఈవిడ ఒక్కతేనట.

తల్లి బట్టలు మళ్లీ బీరువాలోకి చేరాయి. పెట్టెను ఈసారి కోడలే అటక ఎక్కించి, దానిమీద పాత పుస్తకాల కట్టలు పేర్చింది.

కుర్చీ మార్చెయ్యమన్నాడు రేడియో బాబాయ్. కొత్త కుర్చీ, పైగా గ్యారంటీ ఉందన్నాడు ఇన్‌స్పెక్టర్. సరిపోయే మూత కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. అందాకా ఆ ఇంట్లో పెద్దవాళ్లు గదిలోకి వస్తే ఎవరూ లేచి నిలబడరు, సాంకేతిక కారణాల వల్ల.