అడగనివాడే మర్యాదస్తుడు

పక్షవాతం వచ్చిన మనిషిని మూత్రం సంగతి అడగకపోవడం మన జాతికి దక్కిన వరం!

కోప్పడకండి. పత్రికలో ఆ మాట కనపడగానే మీరు పేజీ తిప్పబోయారు చూశారా, మన సంస్కృతి అంతా ఆ వేళ్లలోనే ఉంది. దాన్ని కాపాడుకుందామనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

కిందటి శివరాత్రికి ముందు మా ఇంటావిడ రాజమణికి ఎడమ పక్క పడిపోయింది. లాల్‌దర్వాజాలో మా అద్దె పోర్షన్‌కి పరామర్శకు రాని మనిషి లేడు. వచ్చిన ప్రతివాళ్లూ చెయ్యి ఎత్తమన్నారు, వేళ్లు ముడవమన్నారు. ఒకాయన నాలుక కూడా చూసి వెళ్లాడు. మా బావమరిది బాబురావైతే ధూల్‌పేట్ నుంచి గంపలో రెండు పావురాలతో దిగాడు.

“వీటి నెత్తురుతోని మర్దన చెయ్యి బావా, నెల రోజులల్ల అక్క ఉరుకుతది!” అన్నాడు.

అక్క ఉరకలేదు. గంప మూత తీసిపెట్టింది నేనే కాబట్టి పావురాలు మాత్రం బతికి బయటపడ్డాయి.

డాక్టర్లు మాత్రం తక్కువ తిన్నారా? కాలు చూశారు, చెయ్యి చూశారు, కంట్లో లైటు వేశారు, మోకాలి మీద సుత్తితో కొట్టారు. నడుము కింద, తొడల పైన ఒక జానెడు మేర ఉంటుందే, దాన్ని ఎవరూ పలకరించలేదు. ఎంత మర్యాద!

ఈ మర్యాద వల్ల లాభాలు తక్కువా? రాజమణి పెళ్లిళ్లకు రావడం మానేసింది. బస్సు ఎక్కడం మానేసింది. మధ్యాహ్నం దాటితే మంచినీళ్లు ముట్టదు, రోజూ ఓ చెంబు నీళ్లు మిగులు! ఇరవై ఏళ్లుగా ఆషాఢంలో అమ్మవారికి తాను ఎత్తే బోనం ఈసారి తోడికోడలికి అప్పగించింది. కాలు గుంజుతుందంది. అదే కాలితో, కర్ర పట్టుకుని, వాకిలి చివరి పాయఖానాకి నాకన్నా ముందు చేరుకునేది. నాకు అనుమానం రావాలా వద్దా? వచ్చింది. మర్యాద కోసం మింగేశాను.

అన్నిటికన్నా పెద్ద మేలు సాహిత్యానికి జరిగింది. నేను రాసింది మొదట వినేది రాజమణే. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. జబ్బు తర్వాత నవ్వడం మానేసింది. కాగితం తీస్తే చాలు, మొహం గంటు పెట్టుకుని లేచి వెళ్లిపోయేది. నేనేమనుకున్నాను? ఆవిడ అభిరుచి పెరిగిందనుకున్నాను! మూడు నెలలు కష్టపడి గంభీరమైన వ్యాసాలు రాశాను. మీరూ చదివారు, పాపం.

ఇంత చక్కగా సాగుతున్న సంసారంలోకి రాహేలు వచ్చిపడింది. ఆసుపత్రిలో కొత్తగా చేరిన ఫిజియోథెరపీ అమ్మాయి. రాజమణి చేతికి కసరత్తు చేయిస్తూ, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా అడిగేసింది.

“అమ్మా, మూత్రం ఆగుతున్నదా? దగ్గితే, నవ్వితే పడుతున్నదా?”

రాజమణి నా వైపు చూసింది. నేను గోడ మీది క్యాలెండర్ వైపు చూశాను.

“ఎన్మిది నెలల సంది ఆగుతలేదు బిడ్డా,” అంది రాజమణి. “నవ్వొస్తే చాలు, చీర తడుస్తది. ఈయనేమో నవ్వొచ్చేటియే రాస్తడు. గా మైల బట్టతోని అమ్మవారి బోనం ఎట్లెత్తాలె?” అని ఏడ్చేసింది.

“గిందుకు ఫికరెందుకమ్మా! దీనికి గూడ కసరత్తున్నది.”

మూత్రం మధ్యలో ఆపుకుంటే ఎలా బిగబడతామో అలా లోపలి కండరాలు బిగించాలట. ఐదు లెక్కపెట్టి వదలాలట. పూటకి పదిసార్లు, రోజుకి మూడు పూటలు. నీళ్లు మానొద్దంది. గడియారం చూసుకుని రెండు గంటలకోసారి వెళ్లి రమ్మంది.

ఇదీ ఒక వైద్యమేనా! నూనె లేదు, కట్టు లేదు, చేస్తున్నట్టు పక్కవాడికి తెలియనైనా తెలియదు. “ఊకె కూసుంటే ఎట్లక్కా? కసరత్ చెయ్యాలె!” అని బాబురావు గంటసేపు ఉపన్యాసం ఇచ్చాడు. ఆవిడ అతని ఎదురుగానే కూర్చుని, లోలోపల ఐదేసి లెక్కపెట్టుకుంటూ తలూపింది. ఆ పూట పది కాదు, ముప్పై అయ్యాయట.

మూడు నెలలు గడిచాయి. నిన్న ఇక్కడి దాకా రాసి ఆవిడకి చదివి వినిపించాను. నవ్వింది. పడీ పడీ నవ్వింది. మధ్యలో లేవలేదు! నా ప్రాణం లేచొచ్చింది.

నవ్వడం అయ్యాక కళ్లు తుడుచుకుని అంది:

“డాక్టర్లను అన్నవు, నా తమ్మున్ని అన్నవు, మంచిగనే ఉన్నది. ఎన్మిది నెలలు నా పక్కనే పండుకున్నవు. నువ్వెందుకు అడగలే?”

దీనికి నా దగ్గర వెటకారం లేదు. సిగ్గుపడ్డాను, రాజమణీ. నీకు కాలు బాగవ్వాలని మొక్కుకున్నాను గాని, నిన్ను ఒక్క మాట అడగలేకపోయాను.

“గిది గూడ రాయి,” అంది.

రాశాను.