గవర్నరు గారు టీ తాగిన కుటీరం

ఇల్లు నిలబడటానికి గోడలు చాలవనీ, చరిత్ర కూడా ఉండాలనీ మా గుల్లారా పురపాలక సంఘం తీర్మానించింది. మా ఊరి పూలతోటలో తోటమాలి కుటీరానికి గోడలున్నాయి, రేకుల కప్పుంది, చరిత్ర లేదు. కనుక దాన్ని కూల్చి కార్లు నిలిపే స్థలం చేస్తామని ప్రకటించారు. (వచ్చేది పూలను చూడటానికే అయినా, వచ్చేది కార్లలోనే కదా.) అందులో చివరి తోటమాలి భార్య ఈనిడ్, ఆయన పోయాక, ఒంటరిగా ఉంటోంది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆమెకు వేరే ఇల్లు తెలియదు.

వారసత్వ సంరక్షణ సంఘం అధ్యక్షుడు క్లైవ్ పాస్కో టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు.

"ఏదో ఒక చరిత్ర చెప్పు ఈనిడ్, ఇల్లు కాపాడతాం. ఈ గుమ్మంలోకి ఎవరైనా పెద్దమనిషి వచ్చాడా?"

"పాలవాడు వచ్చేవాడు."

"ఇంకాస్త పెద్దమనిషి, తల్లీ!"

ఈనిడ్ కెటిల్ పొయ్యి మీద పెట్టి ఆలోచించింది. "గవర్నరు గారు వానకు తడిసి వచ్చి ఈ వంటింట్లోనే టీ తాగారట. మా అత్తగారు చెప్పేది." (అత్తగారు పోయి చాలాకాలమైంది గనక అభ్యంతరం చెప్పలేదు.)

కూల్చివేత ఆగింది. వంటింటికి ఎర్ర మఖమలు తాడు కట్టారు. గవర్నరు టీ తాగిన చోట మరొకరు టీ కాచరాదని నిబంధన వచ్చింది.

అయితే చరిత్ర వంటింటికే ఉంది గనక మిగతా ఇంటిని కూల్చవచ్చని పురపాలక సంఘం ఎత్తి చూపింది. దాంతో గవర్నరు టీ తాగాక పడకగదిలో కునుకు తీయాల్సి వచ్చింది. మంచానికి తాడు పడింది. వరండాలో ఆయన చుట్ట కాల్చారు. అక్కడా తాడే. బట్టలుతికే పాకలో ఆయన తడి కోటు పిండారు. అప్పటికి ఈనిడ్ పడుకుంటున్నది ఆ పాకలోనే.

ఇక లాభం లేదని ఆమె వారసత్వ సంఘం సమావేశానికి వెళ్లింది. వాడుక ప్రకారం ఒక పళ్లెం కేకులు బల్ల మీద పెట్టి, నిలబడింది.

"అదంతా అబద్ధం. గవర్నరూ రాలేదు, వానా రాలేదు. నేనే అల్లాను. నా ఇల్లు నాకివ్వండి."

అల్లిక పని ఆపి మార్జొరీ నాన్కర్విస్ తలెత్తింది. ఆ సంఘంలో అందరికన్నా పెద్దావిడ.

"రాలేదా? మరి మా అమ్మమ్మ చేసిన స్కోన్ రొట్టెలు ఎవరు తిన్నట్టు, నువ్వా? క్విన్స్ జామ్ రెండోసారి అడిగి వేయించుకున్నాడటమ్మా ఆయన!"

"గొడుగు పట్టింది మా తాత," అన్నాడు క్లైవ్.

"మరి తడిసి వచ్చాడన్నారుగా?" అంది ఈనిడ్.

"గాలివాన. మా తాతను ఏమైనా అంటే ఊరుకోను."

వెనక వరుసలో ఒకాయన తన ముత్తాత గుర్రానికి నీళ్లు పెట్టాడని లేచాడు. ఆ పూట గవర్నరుకు సేవ చేయని కుటుంబం మా ఊళ్లో లేదని తేలింది, ఈనిడ్ అత్తవారిది తప్ప.

కేకులు అయిపోయాక చేతులెత్తించారు. కుటీరం చరిత్ర బొత్తిగా తెలియని మనిషిని అందులో ఉండనివ్వడం వారసత్వానికి క్షేమం కాదని ఏకగ్రీవంగా నిర్ణయించారు.