సెరంగూన్ సోఫామూల సంగ్రామము

గోడకు వేలాడుచు గుర్రుమను ఓ శీతలవాయుప్రదాయినీ, ఎయిర్‌కాన్ మాతా, నీకు జేజే! నీ చల్లని ఊర్పు సూటిగా ఏ సోఫామూలపై పడునో, ఆ మూలకై సింగపూరు మహాద్వీపమున, సెరంగూన్ సీమయందు, పండ్రెండవ అంతస్తున, శనివార సాయంకాలమున రగిలి ఆదివార మధ్యాహ్నమున చల్లారిన ఘోరసమరమును గానము చేసెదను. వినుడు. నడుమ నవ్వినవానికి బస్సు తప్పిపోవుగాక!

మలేసియాలోని జొహోరు నుండి వచ్చి స్థిరపడి, తంజోంగ్ పగార్ కార్యాలయమున ఓడసరకుల చిక్కులతో వారమెల్ల పెనగులాడు గృహస్థశిఖామణి పరశురాముడు. పాపము, ఆయనకు స్వర్గమన్నను మోక్షమన్నను ఆ మూలయే. అట్టి మూలను, ఇల్లు దొరకువరకని వచ్చి ఇంటిలోనే పాతుకొనిన బావమరిది హరిదాసు, హాకర్ సెంటరు భోజనశాలలో బల్లను చోప్ చేసి, అనగా ముందే పట్టియుంచినట్లు, ఒక టిష్యూ పొట్లము పెట్టి ఆక్రమించెను! సింగపూరున టిష్యూ పెట్టిన చోటును దేవేంద్రుడైనను ముట్టడు గదా. సొంత యింటిలో ప్లాస్టిక్ స్టూలుపై కూర్చున్న పరశురాముడు హుంకరించెను.

"ఓరీ శ్యాలకాధమా! మద్గృహమధ్యవిరాజిత మత్సింహాసనమును కాగితపు తునకలతో కబళింతువా? లెమ్ము!"

"చోప్ అంటే చోపే లా బావా. ఇంత కోపమెందుకు?" అనెను హరిదాసు, కాలుమీద కాలు వేసికొని.

వంటయింటి నుండి ఇల్లాలు ఇందిర గర్జించెను. "అరవకండి, పక్కింటి ఆంటీ వింటుంది! పొద్దస్తమానం ఆ బేస్‌బాలే కదా చూస్తారు. రేపు ఆడే పదిహేను ఆటల్లో మొత్తం ఎన్ని పరుగులొస్తాయో చెప్పండి. దగ్గరగా చెప్పినోళ్లదే మూల. సమానమైతే కూర్చున్నోడిదే. నా ఇంట్లో డబ్బు పందెం మాత్రం కుదరదు."

హరిదాసు ఫోను తెరచి, పందెపు కంపెనీ ఒక్కొక్క ఆటకు ప్రకటించిన అంచనా పరుగులను కూడి, "నూట ఇరవై ఏడు!" అని తేల్చెను.

పరశురాముడో, అంకె ప్రక్కన గెలిచినవారికి ఎంత ఇత్తురో దానిని గూడ కనులు చికిలించి చూచెను. "ఇందిరా, ఇటు చూడు. ఈ ఆటకి ఎనిమిదిన్నర పరుగులని రాశారు. దాటుతుందని కాసి గెలిస్తే డాలరుకి ఎనభై సెంట్లే లాభం. దాటదని గెలిస్తే నిండు డాలరు. ఎందుకట్లా? దాటుతుందని వాళ్లకే భయం! అంటే అసలు లెక్క ఇంకో పావు పైనే."

"బస్తా మీద ఐదు కిలోలని రాసున్నా మనం తూచి చూసుకున్నట్టు."

"అదే మరి!"

అట్లు తూచి తూచి, పది ఆటలకు పావు చొప్పున పెంచి, రెండింటికి పావు చొప్పున తగ్గించి, తక్కినవానిని ముట్టక, ఆ వీరుడు "నూట ఇరవై తొమ్మిది!" అని శంఖారావము చేసెను.

"పావు పరుగా? పావు పరుగు ఎవడు పరిగెత్తుతాడు బావా!" అని హరిదాసు పడిపడి నవ్వెను.

మరునాడు పదునాలుగు ఆటలు ముగిసి, కడపటి ఆట కడపటి ఘట్టమునకు వచ్చుసరికి లెక్క నూట ఇరవై ఎనిమిది. ఇరువురికిని ఒక్క పరుగే దూరము! ఇంకొకటి రానిచో సమానము, మూల హరిదాసుదే. ఇద్దరు అవుట్, ఒక్కడు మిగిలెను. మూడు బేసులయందును పరుగుకై కాచుకొనిన వీరులు. పరశురాముడు స్టూలు అంచునకు జరిగెను.

అంతట ప్రళయకాలభైరవునివలె బ్యాటెత్తి నిలిచిన యోధుడు ఏమి చేసెననగా, ఏమియు చేయలేదు! బంతి వేయువాడు నాలుగు బంతులను పెడగా విసరెను. నియమము ప్రకారము అందరును ఒక్కొక్క బేసు ముందుకు జరిగిరి. మూడవ బేసువాడు బబుల్‌గమ్ నములుచు, పెండ్లి భోజనమునకు పోవునట్లు తాపీగా హోమ్‌బేసు అను ఇల్లు చేరి పరుగు తెచ్చెను. వెనువెంటనే తరువాతివాడు అవుట్. నూట ఇరవై తొమ్మిది!

"అలమక్, అయ్యో! కొట్టకుండానే పరుగేంటి బావా, మోసం!"

"లే రా, లే!"

పరశురాముడు టిష్యూ పొట్లమును రెండు వ్రేళ్లతో ఎత్తి బావమరిది చేతబెట్టి, మూలలో ఆసీనుడై, కనులు మూసికొనెను. ఆహా, ఎన్నాళ్లకు! ఎయిర్‌కాన్ మాత చల్లగా ఊదెను. ఆయనకు ఎంత హాయి కలిగెనో అంత పెద్ద తుమ్ము వచ్చెను. వెంటనే మరియొకటి.

ప్లాస్టిక్ స్టూలుపై నుండి హరిదాసు చేయి చాచెను. "టిష్యూ కావాలా బావా?"

తీసికొనెను. తుడుచుకొనెను. లేవలేదు. ముక్కు కారినను మూల విడువని మహావీరునకు జయము, జయము!