రెండో చరణంలో మూడు ఈలలు

ఆ ఉదయం సూపరింటెండెంటుగారు పెట్టుకున్న పని చాలా చిన్నది. స్నానానికి వెళ్ళేలోపు ఒక పాట రెండుసార్లు పాడుకోవడం. నెలరోజుల్లో ఆఫీసు వార్షికోత్సవం. జనన మరణాల నమోదు కార్యాలయంలో ఉత్సవమేమిటని అడగకండి. పుట్టినవాళ్ళకూ పోయినవాళ్ళకూ కాగితాలిచ్చేవాళ్ళు కూడా మధ్యలో ఒకరోజు పాడుకోవాలిగా. ఆయన ఎంచుకున్నది తన పదిహేడో ఏట వచ్చిన సినిమాలోది. రెండో చరణం మొదటి పాదం కాగానే అందులో వరసగా మూడు ఈలలు వస్తాయి. ఆ ఈలలు వేయడంలో ఆయన దిట్ట. ఎంత దిట్టంటే, పెరట్లో బట్టలు ఆరేస్తున్న భార్య అది వంటింట్లో కుక్కరనుకుని పరుగున వచ్చి స్టవ్ ఆపేసింది. ఆ పూట ఇంట్లో అందరూ ఉడకని అన్నమే తిన్నారు.

ఆఫీసులో ఆయనకు మారుపేరు 'మారోజుల్లోగారు'. పంకా తిరగకపోయినా, టీలో చక్కెర తగ్గినా ఆయన మాట "మా రోజుల్లో" అనే మొదలవుతుంది. మా రోజుల్లో మొదటి ఆట టిక్కెట్టుకు చొక్కాలు చింపుకునేవాళ్ళం, మా రోజుల్లో పాటల పుస్తకం జేబులో లేనివాడు మనిషే కాదు, ఇప్పటివీ పాటలేనా, ఇలా సాగుతుంది. ఆరునెలల కిందట చేరిన కొత్త గుమాస్తా, ఆయన ఆ మాట అన్నప్పుడల్లా క్యాలెండరు మీద ఒక గీత పెట్టేది. కొన్ని తేదీలు గీతల కింద కనిపించడం మానేశాయి.

మధ్యాహ్నం ఆ అమ్మాయే, పెద్దాయనకు సాయం చేద్దామని, ఫోనులో ఆ పాట వెతికి పెట్టింది. రెండో చరణం వచ్చింది, పోయింది. ఈల లేదు.

"కోసేశారు," అన్నారు సూపరింటెండెంటుగారు.

"సినిమాలో పాటేనండీ ఇది. అసలు ఈలే లేదేమో."

"లేదా? పరీక్షలు మానేసి రోజుకు పదిసార్లు విన్నానమ్మా. నా పెళ్ళి తేదీ మర్చిపోతానేమోగానీ ఆ ఈల మర్చిపోతానా?"

మాటా మాటా పెరిగింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నవాడు కనీసం కుందేలునైనా పట్టి ఉంటాడు. ఈయన ఆ పాటి జాగ్రత్త కూడా పడకుండా ఆఫీసులో అందరి ముందూ శపథం చేసేశారు. ఆ పాటలో ఈల లేదని తేలితే, బతికుండగా మళ్ళీ 'మా రోజుల్లో' అననన్నారు. గుమాస్తాలందరూ ఆశగా కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నారు. ఆ మాట పోతే నలుగురికీ చెప్పుకోవడానికి తన దగ్గర ఇంకేమీ మిగలదని ఆయనకు ఇంటికెళ్ళే దారిలోగానీ తట్టలేదు. తట్టాక భయమేసింది.

మర్నాడు పాటల కంపెనీకి ఉత్తరం రాశారు. కింద సంతకం చేసి, ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ పక్కన ఆఫీసు గుండ్రటి ముద్ర కొట్టేశారు. మూడు ఈలలు ఏ తేదీన, ఏ కారణంగా పోయాయో తెలపమని జనన మరణాల కార్యాలయం అడిగితే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. కంపెనీవాళ్ళు ఎందుకొచ్చిన గొడవని, జరిగిన లోపానికి చింతిస్తున్నామనీ విచారణ జరుపుతున్నామనీ జవాబిచ్చారు. ఆయన దాన్ని నోటీసు బోర్డుకు అంటించారు. కొడుకు జనన ధ్రువపత్రం కోసం వచ్చిన విలేకరి ఒకాయన దాన్ని చదివి, 'పాటలో ఈలలు మాయం' అని పేపర్లో వేశాడు.

ఇక చూడాలి. యాభై దాటినవాళ్ళందరికీ ఆ ఈలలు గుర్తొచ్చేశాయి. తన తొలిప్రేమ ఆ ఈలతోనే మొదలైందని ఒక పళ్ళ డాక్టరు కళ్ళు తుడుచుకున్నాడు. రిటైరైన వయొలిన్ మాస్టారు ఒకాయన, ఆ రికార్డింగులో తానూ వాయించాననీ, ఈల వేసినవాడు తన పక్కనే కూర్చున్నాడనీ, పాపం బక్కపలచటి మనిషనీ చెప్పాడు. ఈలల పరిరక్షణ సంఘం పుట్టింది. రెండో సమావేశంలోనే చీలింది. ఈలలు మూడు కాదు నాలుగని పళ్ళ డాక్టరు వేరు కుంపటి పెట్టాడు.

ఇంతమందికి గుర్తున్నప్పుడు ఒక్క ఆధారమైనా ఉండాలి కదా అంది కొత్త గుమాస్తా. ఆధారం లేకేం? పదిహేడో ఏట ఆయన స్వయంగా రేడియోలోంచి పట్టిన క్యాసెట్టు ఉంది. ఇంట్లో టేపురికార్డరు చెడిపోయి పాతికేళ్ళవడంతో మళ్ళీ వినలేదుగానీ, క్యాసెట్టు అక్కగారి బీరువాలో భద్రంగా ఉంది. కబురు పెట్టి తెప్పించారు. రేడియోలు బాగుచేసే అతని దగ్గర పాత టేపురికార్డరొకటి అరువు తెచ్చారు.

"ముందు ఇంట్లో ఒకసారి వినండి," అంది భార్య.

"సాక్ష్యాన్ని ముందే విప్పితే చెల్లదు," అని ఆయన క్యాసెట్టును కవరులో పెట్టి లక్కముద్ర వేశారు.

వార్షికోత్సవం నాడు హాలు కిక్కిరిసింది. మూడు ఈలలవాళ్ళు కుడివైపు, నాలుగు ఈలలవాళ్ళు ఎడమవైపు కూర్చున్నారు. మారోజుల్లోగారు లక్క పగలగొట్టి, క్యాసెట్టు పెట్టి మీట నొక్కారు. కాసేపు గరగర, తర్వాత పాట. ఆ కాలంలో ఆయనలాంటివాళ్ళు రేడియోనీ టేపురికార్డరునీ ఎదురెదురుగా పెట్టి పాటలు పట్టేవారు. పాట అయ్యేదాకా ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టాల్సిందే. రెండో చరణం మొదటి పాదం అయింది.

ఈల వచ్చింది. హాలు దద్దరిల్లింది. రెండో ఈల. ఆయన గర్వంగా కొత్త గుమాస్తా వంక చూశారు. మూడో ఈల, కాస్త సాగి, బుస్సుమని ఆగింది. ఆ వెంటనే పాటను మించిన గొంతుతో ఒకావిడ అంది:

"ఒరే, మూడు విజిల్సూ వచ్చాయి. పాట తర్వాత విందువుగానీ, లేచి ఆ స్టవ్ ఆపు."

చప్పట్లు ఆగిపోయాయి. "అమ్మా, రికార్డవుతోందే," అంది పదిహేడేళ్ళ గొంతు, ఏడుపు ఒక్కటే తక్కువగా. ఇంకెవరో పెద్దాయన దగ్గి, "ఏం పాటలురా ఇవి? మా రోజుల్లో..." అన్నాడు. టక్కుమంది. అక్కడితో సరి.

హాలంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. ముందు వరసలో భార్య కూడా నవ్వింది, ఆనాటి ఉడకని అన్నం గుర్తొచ్చి. నవ్వనిది ఆయన ఒక్కరే. ముప్పై ఏడేళ్ళుగా ఈలలను పొల్లుపోకుండా గుర్తుపెట్టుకుని, వాటి వెనకే ఉన్న అమ్మ గొంతును మర్చిపోయారు. ఆవిడ పోయి పన్నెండేళ్ళయింది. ఆవిడ మరణ ధ్రువపత్రం మీద ముద్ర కొట్టింది ఆయనే. సిగ్గూ దుఃఖమూ కలిసి వచ్చి, ఆయనకు మైకు ఎక్కడుందో కాసేపు కనబడలేదు.

"ఓడిపోయాను. ఇక ఆ మాట అనను," అన్నారు చివరికి.

కొత్త గుమాస్తా లేచి నిలబడింది. "ఇంకోసారి వేయండి సార్. పాట కాదు, అమ్మగారు మాట్లాడేది."

వేశారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. మూడోసారి వేయమని వెనక వరసవాళ్ళు అడిగారు. ఆ వారమంతా చుట్టుపక్కల ఎక్కడా టేపురికార్డరు అరువుకు దొరకలేదు. ఎవరి పాత క్యాసెట్టులో ఎవరి గొంతుందోనని వెతుక్కోనివాళ్ళు లేరు.

ఆయన మాట నిలబెట్టుకున్నారు. ఇప్పుడు పంకా ఆగిపోయినా, టీలో చక్కెర తగ్గినా, నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, మెల్లగా మూడు ఈలలు వేసి ఊరుకుంటారు. కొత్త గుమాస్తా క్యాలెండరు మీద దానికీ ఒక గీత పెడుతోంది. రికార్డింగులో పక్కన కూర్చుని ఈల వేసిన బక్కపలచటి మనిషి సంగతేమిటని అడిగితే, వాడు వేరే పాటకు వచ్చి ఉంటాడని వయొలిన్ మాస్టారు సర్దుకున్నాడు. పళ్ళ డాక్టరు వర్గం మాత్రం, పదిహేడేళ్ళ కుర్రాడు అమ్మ చెప్పగానే లేచి స్టవ్ ఆపి ఉండడు గనక నాలుగోది కూడా వచ్చే ఉంటుందని ఇప్పటికీ వాదిస్తోంది.