పడవెక్కే ముందు తూకం

ఆ రోజు ఉదయం స్టోరు మేడమ్ పెట్టుకున్న పని ఒక్కటే. ఆరుగురి బరువులు ఒక కాగితం మీద రాసి, పది గంటల టీ లోపు పంపించేయడం. అరగంట పని కూడా కాదు.

లిఫ్టులు బిగించి, చెడిపోతే బాగుచేసే ఆ కంపెనీలో ఆవిడ పంతొమ్మిదేళ్ళుగా సామాన్ల గది చూసుకుంటోంది. అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ స్టోరు మేడమే. సిబ్బందిలో ఐకమత్యం పెరగాలంటే అందరూ కలిసి నదిలో రబ్బరు పడవ నడపాలని మేనేజరుకు ఈ మధ్యే జ్ఞానోదయమైంది. మూడు పగళ్ళు తెడ్లు వేయడం, రెండు రాత్రులు ఒడ్డున గుడారాల్లో పడుకోవడం, దారి చూపడానికి వెంట ఒక గైడమ్మాయి. "నాకు నీళ్ళు పడవు సార్" అని స్టోరు మేడమ్ మొదట్లోనే తప్పుకుంది. నిజానికి నీళ్ళతో ఆవిడకు ఏ పేచీ లేదు. ఆ మూడు రోజులూ ఆఫీసులో పురుగు కూడా ఉండదు. "మేడమ్, ఒక్క బోల్టు" అంటూ కిటికీలోంచి చెయ్యి చాచేవాడు ఉండడు. అరలన్నీ దులిపి, సైజుల వారీగా సర్దుకుని, తలుపేసుకుని హాయిగా కూర్చోవచ్చు. ఆ సుఖం కోసమే ప్రయాణం ఏర్పాట్లన్నీ నెత్తిన వేసుకుంది.

గైడు అడిగినవాటిలో ముఖ్యమైనవి బరువులు. మునగకుండా వేసుకునే జాకెట్టు ఎవరికి ఏ సైజు, పడవలో ఎవరు ఏ వైపు, ఎవరు వెనక, ఎవరు మధ్యలో అన్నది వాటినిబట్టే తేలుతుందట. మూడు గంటలకల్లా ఆమె నదికి బయల్దేరుతుంది, తర్వాత ఫోను అందదు, లెక్క అందకపోతే పడవ లేదు. స్టోరు మేడమ్ ముందురోజే అందరి దగ్గరా చీటీలు తీసుకుంది. తొమ్మిదిన్నరకల్లా అవి చూసి, కాగితం మీద ఎక్కించి, ఫోనులో పంపేసింది. టీ రాకముందే గైడు నుంచి ఫోను వచ్చింది.

"మేడమ్, ఈ నాలుగో ఆయన ఛాతీ నలభై ఎనిమిది అంగుళాలు, బరువు అరవై ఎనిమిది కేజీలు అని ఉంది. ఆయన మనిషేనా, గాలి బుడగా?"

నాలుగో ఆయన పెద్ద మెకానిక్. పోయిన నెల లిఫ్టు కింది గోతిలో దిగి, పైకి రాలేక, ఇద్దరు లాగితే వచ్చిన మనిషి.

"ఒకసారి తూచి పంపండి మేడమ్. తప్పుడు లెక్కతో పడవ తిరగబడితే ఎవరికీ బాగుండదు," అని గైడు పెట్టేసింది.

స్టోరు మేడమ్ చీటీలు మళ్ళీ చూసింది. మేనేజరు డెబ్బై అని రాశాడు. అది ఆయన పెళ్ళినాటి బరువై ఉంటుంది. బావా బావమరుదులైన మెకానిక్‌లిద్దరూ కూడబలుక్కుని చెరొక అరవై ఐదు రాశారు. రిసెప్షన్ అమ్మాయి నలభై ఎనిమిది అని రాసి పక్కన ఒక పువ్వు బొమ్మ వేసింది. గాలికి ఊగే డ్రాఫ్ట్స్‌మన్ ఏకంగా అరవై వేశాడు. స్టోరులో బస్తాలు తూచే కాటా ఉండనే ఉంది, అందరూ వచ్చి ఒకసారి ఎక్కితే సరి అనుకుని, నోటీసు రాసుకుని మేనేజరు దగ్గరికి వెళ్ళింది. అందులో "అందరూ స్టోరుకు వచ్చి బరువు చూసుకోవాలి" అని మాత్రమే ఉంది.

మేనేజరు ముఖం చిట్లించాడు. "బరువు అన్న మాట మరీ మొరటుగా ఉందండీ. మనసులు నొచ్చుకుంటాయి. కాస్త మర్యాదగా రాద్దాం."

"దీనికి మర్యాద ఏముంటుంది సార్?"

"ఉంటుంది. రాసుకోండి."

ఆయన కళ్ళు మూసుకుని చెప్పాడు, ఆవిడ పళ్ళు బిగించి రాసింది: "బృందం సమతూకం దృష్ట్యా ప్రతి ఒక్కరి భారాన్నీ పునఃపరిశీలిస్తున్నాము. దాన్నిబట్టి ఎవరిని ఎక్కడ ఉంచాలో, ఎవరిని దించాలో నిర్ణయించబడును. మధ్యాహ్నం రెండింటి లోపు ఒక్కొక్కరుగా స్టోరులో హాజరు కావలెను."

"దించడం ఎందుకు సార్?"

"మరీ ఎక్కువైతే రెండో పడవలోకి దించాలి కదండీ."

"ఆ పడవ ముక్క ఒకటి రాద్దామా?"

"పడవ అంటే మళ్ళీ బరువు గుర్తొస్తుంది. వద్దు."

రిసెప్షన్ అమ్మాయి దాన్ని అందరి ఫోన్లకూ పంపింది. పంపాక తను కూడా చదువుకుంది. చదువుకుని, కుర్చీలో నెమ్మదిగా కూలబడింది.

ఆ సమయానికి బావా బావమరుదులు ఒక ఏడంతస్తుల భవనంలో లిఫ్టు తలుపు విప్పి కూర్చున్నారు. బావమరిది ఫోను చదివి, "బావా, మనుషుల్ని తగ్గిస్తున్నారు," అన్నాడు.

"ఎవరన్నారు?"

"చదువు. ఎవరిని దించాలో అని ఉంది. నిన్న చీటీలు కూడా అందుకే తీసుకున్నారు. పడవ అనేది వట్టి వంక."

తలుపు విప్పింది విప్పినట్టే ఉంచి, 'మరమ్మతులో ఉంది' బోర్డు తగిలించి, ఇద్దరూ ఆఫీసుకు పరుగు తీశారు. ఆ భవనం నుంచి స్టోరుకు ఫోన్లు మొదలయ్యాయి. మెకానిక్‌లు ఏరని అడిగినవాళ్ళందరికీ స్టోరు మేడమ్ "అక్కడే ఉన్నారు, మీ కళ్ళ ముందే ఉండాలి," అని ఓపిగ్గా చెప్పింది.

మొదట స్టోరులో హాజరైనవాడు పెద్ద మెకానిక్. చేతిలో ఒక ఫైలు కూడా ఉంది.

"మేడమ్, నేను ఈ కంపెనీలో చేరి ఇరవై రెండేళ్ళు."

"తెలుసు. చెప్పులు విప్పి ఎక్కండి."

"నా చేత్తో బిగించిన లిఫ్టు ఒక్కటి కూడా ఇవాళ్టి వరకు పడలేదు."

"పడిందని నేనన్నానా? ఎక్కండి."

అతను కాటా మీద ఒక కాలు పెట్టి, మళ్ళీ తీసేశాడు. "ఎంత ఉంటే ఉంచుతారు మేడమ్? దాచకుండా చెప్పండి."

"దాచడానికి ఏముంది? ఎనభై దాటినవాళ్ళు వెనక్కి. యాభై ఐదు లోపువాళ్ళు మధ్యలోకి."

"వెనక్కి అంటే?"

"వెనక్కి అంటే వెనక్కే. తెలుగే కదా చెప్తున్నాను."

"మధ్యలోవాళ్ళ సంగతేమిటి?"

"వాళ్ళవల్ల ఎటూ ఉపయోగం లేదు. ఊరికే కూర్చోబెడతారు."

పెద్ద మెకానిక్ ఫైలు గుండెలకు హత్తుకున్నాడు. "ఒక గంట టైమివ్వండి మేడమ్," అని వెళ్ళిపోయాడు.

ఆ మాట ఆఫీసంతా పాకడానికి అయిదు నిమిషాలు పట్టలేదు. ఎనభై దాటితే ఇంటికి, యాభై ఐదు లోపయితే పనీపాటా లేని కుర్చీకి. పెద్ద మెకానిక్, బావ మధ్యాహ్నం భోజనం డబ్బాలు తెరవకుండానే పక్కన పెట్టి, నాలుగంతస్తుల మెట్లు ఎక్కడం దిగడం మొదలుపెట్టారు. డ్రాఫ్ట్స్‌మన్ మాత్రం స్టోరు కిటికీ దగ్గరికి నాలుగుసార్లు వచ్చి నాలుగుసార్లూ పెద్ద సైజు బోల్టులు కావాలన్నాడు.

"బొమ్మలు గీసేవాడికి బోల్టులెందుకయ్యా?"

"చూసి గీద్దామని మేడమ్."

"గుప్పెడు చూడాలా? ఒకటి చూస్తే చాలదా?"

రిసెప్షన్ అమ్మాయి వచ్చి కాటా ఎక్కకుండానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అక్కా, నన్ను ఎక్కడ కూర్చోబెట్టినా పర్లేదు. తీసెయ్యద్దని చెప్పక్కా."

"నిన్నెవరు తీసేస్తారే? రెండు నిమిషాలు దీని మీద నిలబడు, చాలు."

"అది మాత్రం వద్దక్కా," అని ఆమె పారిపోయింది.

రెండయింది. కాగితం మీద ఒక్క అంకె పడలేదు. తను తూచమన్నది మనుషుల్నా, వాళ్ళ పాపాలనా అని స్టోరు మేడమ్‌కు అనుమానం వచ్చింది. మేనేజరుకు ఫోను చేసి, "మీ మర్యాద ఏమీ పనిచేయడం లేదు సార్, మీరే వచ్చి మొదట ఎక్కండి," అంది.

మేనేజరు కిందికి దిగేసరికి అయిదుగురూ రిసెప్షన్‌లోనే ఉన్నారు. లిఫ్టు తలుపు తెరుచుకోగానే అందరూ ఒక్కసారిగా ముందుకు వచ్చారు. అక్కడే సోఫాలో కొత్త లిఫ్టు కొందామని వచ్చిన ఒక పెద్దాయన కాఫీ తాగుతున్నాడు. ఆయన ముందు గొడవ బాగుండదని, "ఏదైనా ఉంటే నా గదిలో మాట్లాడుకుందాం, పైకి రండి," అన్నాడు మేనేజరు. ఆయన్ను ఒంటరిగా పైకి పంపితే తలుపు గడియ పెట్టుకుంటాడని అయిదుగురూ లిఫ్టులోకే దూరారు. బరువెక్కువైందని లోపల గంట మోగింది.

"అది మూడు నెలలుగా ఊరికే మోగుతోంది సార్," అంటూ పెద్ద మెకానిక్ పలక తీసి ఒక తీగ లాగేశాడు. గంట ఆగింది. లిఫ్టు కదిలి, రెండో అంతస్తు దాటి, మూడో అంతస్తు చేరకుండా అదీ ఆగింది.

కంపెనీలో లిఫ్టు బాగుచేయగలిగిన ముగ్గురూ ఆ లిఫ్టులోనే ఉన్నారు.

స్టోరు మేడమ్ ఫోను మోగింది. "మేడమ్, కంగారుపడకండి," అన్నాడు పెద్ద మెకానిక్. ఆవిడ కంగారుపడలేదు. గడియారం చూసుకుంది. రెండుంపావు. బ్రేకు వదిలే కడ్డీ స్టోరులోంచి తీసుకుని, నాలుగంతస్తులు నడిచి, డాబా మీద మోటారు గదిలోకి వెళ్ళింది. అతను చెప్పినట్టే ముందు మెయిన్ స్విచ్ ఆపింది, కడ్డీ తగిలించింది.

"ఇక కొద్దికొద్దిగా నొక్కాలి మేడమ్. లోపల బరువెక్కువుంటే లిఫ్టు దానంతటదే కిందికి జారుతుంది, అప్పుడు గట్టిగా ఆపుకుంటూ వదలాలి. తక్కువుంటే మీరే చక్రం తిప్పాలి."

"ఎక్కువుందా, తక్కువుందా?"

ఫోనులో ఎవరో దగ్గారు.

"చీటీల ప్రకారం మీ ఆరుగురూ కలిసి మూడు వందల డెబ్బై ఆరు," అంది స్టోరు మేడమ్. "ఈ లిఫ్టు మోసేది నాలుగు వందల ఎనిమిది. కాబట్టి మీరు ఆగిపోలేదు. అది మీ భ్రమ. నేను కిందికి వెళ్ళి టీ తాగుతాను."

"మేడమ్, మేడమ్." అది మేనేజరు గొంతు. "నాది రాసుకోండి. తొంభై ఒకటి."

"చెప్పేస్తే ఉద్యోగం పోతుంది సార్," అన్నాడు బావ లోపలినుంచి.

"ఎవరి ఉద్యోగం?" అంది స్టోరు మేడమ్.

"ఎనభై దాటితే వెనక్కి పంపేస్తామన్నారు కదా."

"పడవలో వెనక్కయ్యా. వెనక సీటు. మీ ఉద్యోగాలు ఎవరికి కావాలి?"

తర్వాత "నేను మర్యాదగా రాయించాను," అని మేనేజరు నెమ్మదిగా అనడం వినిపించింది. దానికి పెద్ద మెకానిక్ ఏదో అన్నాడు గానీ, అది మర్యాదగా లేదు.

ఆ తర్వాత అంకెలు వాటంతటవే వచ్చాయి. బావ ఎనభై నాలుగు. బావమరిది డెబ్బై తొమ్మిది. పెళ్ళిళ్ళ సీజను కాబట్టి అని కలిపాడు. రిసెప్షన్ అమ్మాయి ఫోనును నోటికి ఆనించుకుని యాభై ఏడు అని గుసగుసగా చెప్పింది. పక్కనున్న అయిదుగురికీ వినపడింది.

"మేడమ్, బోల్టులతో చెప్పనా, లేకుండానా?" అన్నాడు డ్రాఫ్ట్స్‌మన్.

"లేకుండా. అవి నాకు తిరిగి ఇవ్వాలి."

"యాభై ఒకటి."

చివరికి మిగిలినవాడు గొంతు సవరించుకున్నాడు. "నూట పన్నెండు," అన్నాడు. "పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, మెట్లెక్కాను కూడా. నూట పదకొండున్నర వేసుకోండి."

ఆవిడ నూట పన్నెండే వేసింది. కూడితే నాలుగు వందల డెబ్బై నాలుగు. కడ్డీని రెండు చేతులా పట్టుకుని, అంగుళం అంగుళంగా వదిలింది. లిఫ్టు దానంతటదే కిందికి జారి రెండో అంతస్తు దగ్గర నిలబడింది. మెకానిక్‌లు చేత్తో తలుపు లాగగానే అందరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా బయటికి వచ్చారు. కింద రిసెప్షన్‌లో ఇదంతా వింటున్న సోఫాలో పెద్దాయన కాఫీ కప్పు కింద పెట్టి, తన ఇంటికి మెట్లే చాలని చెప్పి వెళ్ళిపోయాడు.

రెండు గంటల యాభై అయిదు నిమిషాలకు స్టోరు మేడమ్ అసలు లెక్క పంపించి, కుర్చీలో వెనక్కి వాలింది. పైన మేనేజరు గదిలో ఆరుగురూ తెరవని భోజనం డబ్బాలు తెరుచుకుని కలిసి తింటున్నారు. నవ్వులు కూడా వినపడుతున్నాయి. ఐకమత్యం నది దాకా వెళ్ళకుండానే వచ్చేసింది. ఇక మూడు రోజులు తలుపేసుకోవచ్చు.

ఫోను మోగింది.

"మేడమ్, ఇప్పుడు లెక్క బాగుంది," అంది గైడు. "కానీ ఆ నూట పన్నెండాయన ఒక వైపు కూర్చుంటే, ఎదురుగా ఇంకొకరు ఉండాలి. ఏడో మనిషి లేకపోతే పడవ తియ్యను. నేను బయల్దేరుతున్నాను, ఇంక అయిదు నిమిషాలే ఉంది. మీరు వస్తారా?"

"నాకు నీళ్ళు పడవు."

"అయితే ప్రయాణం రద్దు. అందరూ ఆఫీసులోనే ఉండిపోతారు."

స్టోరు మేడమ్ కిటికీ వైపు చూసింది. తిండి సగంలో వదిలేసి డ్రాఫ్ట్స్‌మన్ అప్పటికే బోల్టులు తిరిగి ఇవ్వడానికి వచ్చి నిలబడ్డాడు. అతని వెనకాల బావ. అతని వెనకాల బావమరిది. ఒక్క వాషరు చాలట. ఆఫీసులో ఉన్నా నదిలో ఉన్నా ఈ మూడు రోజులూ వీళ్ళ మధ్యేనని ఆవిడకు అర్థమైంది. కనీసం నదిలో బోల్టులు ఉండవు.

"వస్తాను," అంది.

"మీ బరువెంత మేడమ్?"

కాటా పక్కనే ఉంది. ఆవిడ చెప్పులు విప్పి ఎక్కింది. ముల్లు డెబ్బై ఒకటి దగ్గర స్థిరంగా నిలిచింది. కిటికీ దగ్గర ముగ్గురూ మర్యాదగా తలలు పక్కకు తిప్పుకున్నారు.

"అరవై నాలుగు," అంది స్టోరు మేడమ్.

జాకెట్టు కాస్త బిగుతుగా ఉంటే నది గాలికి మంచిదే.