పెద్దమ్మకు మనిషి పోలిక లేదు

ఏ ప్రాణి అయినా మనిషిని పోలి ఉండాలంటే, ఊరికే పోలి ఉంటే చాలదు. పోలి ఉన్నట్టు అధికారి ధ్రువీకరించాలి. జంతు ప్రదర్శనశాలల చరిత్రలో ఇంతకన్నా గొప్ప సూత్రం పుట్టలేదు (పుట్టినా దానికింకా ఆమోదం రాలేదు).

బోనోబోలంటే చింపాంజీలకు దాయాదులు. వాటి చేష్టలు అచ్చం మనలాగే ఉంటాయని జనం ఎగబడి చూస్తారు. ఆ గౌరవం కొద్దీ వాటికి చెట్లూ, తాడు ఉయ్యాలలూ ఉన్న ఆవరణ ఇచ్చారు. ఇప్పుడు కొత్త నిబంధన వచ్చింది: పోలిక రుజువైతే ఆవరణ, కాకపోతే ఇనుప బోను.

ఆ గుంపుకు పెద్దదిక్కు ఒక ముసలి ఆడ బోనోబో. వాటి ఆలనాపాలనా చూసే కీపరు ఆవిడను పెద్దమ్మా అని పిలుస్తాడు. ఉద్యోగంలో చేరిన రోజు అతను బిక్కచచ్చి నిలబడితే, పక్కన కూర్చోబెట్టుకుని తలలో పేలు వెతికి ధైర్యం చెప్పింది ఆవిడే. అలాంటిది బోనులో పడుతుందేమోనని అతనికి ముద్ద దిగడం లేదు.

పోలికల ధ్రువీకరణాధికారి రానే వచ్చారు. ఆయన చూస్తుండగానే రెండు కుర్ర బోనోబోలు జుట్టూ జుట్టూ పట్టుకున్నాయి. కాసేపటికే కౌగిలించుకుని ఒకే కొమ్మ ఎక్కాయి. పగ లోపించిందని అధికారి మార్కులు కోశారు.

అసలు పరీక్ష తర్వాతది. పెద్దమ్మను ఊచల గదిలోకి రప్పించి, ముందు పళ్ళ బుట్ట పెట్టారు. తలుపు అవతల వేరే ఊరి నుంచి తెచ్చిన కొత్త బోనోబో ఉంది. గడియ పెద్దమ్మ వైపే ఉంది. మనిషి పోలిక ఉన్న ప్రాణి ఇలాంటప్పుడు ఏం చేస్తుందో లోకానికంతటికీ తెలుసు.

"పెద్దమ్మా, ఆ తలుపు వంక చూడకు. నీకు పుణ్యముంటుంది," అని కీపరు గొణిగాడు.

పెద్దమ్మ లేచి గడియ తీసింది. ముక్కూ మొహం తెలియని ఆ ప్రాణిని పక్కన కూర్చోబెట్టుకుని బుట్ట ముందుకు జరిపింది. అంతటితో ఊరుకుందా, మధ్యాహ్నం భోజనం లేక గుటకలు మింగుతున్న అధికారికి ఊచల సందులోంచి ఒక పండు అందించింది. ఆయన దాన్ని శుభ్రంగా తిని, జేబురుమాలుతో మూతి తుడుచుకుని, సున్నా వేశారు.

"సార్, ఆవిడ మీ ఆకలి కనిపెట్టింది కదా," అన్నాడు కీపరు.

"అదేనయ్యా చిక్కు. పక్కవాడి ఆకలి కనిపెట్టడం మన లక్షణాల్లో లేదు. లేనిదాన్ని ఉన్నట్టు నేనెలా రాస్తాను?"

(అప్పీలు చేసుకోవచ్చు. విచారించేది కూడా ఆయనే.)

పెద్దమ్మను బోనులోకి చేర్చే పని కీపరుకే అప్పగించారు. అతనికి ఏడుపు ఆగలేదు. ఆవిడ మాత్రం అతని చెయ్యి పట్టుకుని నెమ్మదిగా నడిచింది. లోపలికి వెళ్ళి ఇరుకులోనే ఓ పక్కకు ఒదిగి కూర్చుని, అతను కూర్చోడానికి చోటు చూపించింది.

కీపరు కళ్ళు తుడుచుకుని బయటి నుంచి గడియ పెట్టాడు. సరిగ్గా పడిందో లేదో ఓసారి లాగి కూడా చూశాడు. మనిషి కదా.