ఓబుళేసు దాక్కున్న చేను

హవల్దారు జయరాం ఆ రోజుకు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి పరీక్ష మొదలుపెట్టాలి, ఎనిమిదికల్లా ముగించాలి, తొమ్మిదికి ఉరవకొండలోని అద్దె ఇంటికి చేరి వేడివేడి బొరుగుల ఉగ్గాని తినాలి.

ఆయన బూట్లు కట్టుకుంటుంటే భార్య సుష్మ తడిసిన వీధిని చూస్తూ అంది. "నిన్న తొలివాన పడినాది. ఈపొద్దు వజ్రకరూరు చేలల్లో జనం ఉంటారేమో."

"వజ్రాలని రాళ్లేరుకునేవాళ్లా? పనిలేనోళ్లు. వాళ్లతో నాకేం పని? నేను పట్టాల్సింది ఒక్కన్ని. నా బైనాక్యులర్‌ను తప్పించుకున్నోడు ఇంగా పుట్టలేదు."

"సరే. మీరొచ్చినాకే బొరుగులు నానేస్తా," అంది సుష్మ. ముందే నానబెడితే ముద్దవుతాయి.

ఆ ఒక్కడు ఓబుళేసు. ఊరు నల్లమాడ. సైన్యంలో కొత్తగా చేరి, ఇక్కడి శిక్షణ శిబిరానికి వచ్చిన నలభై మందిలో గురిలో అతనిదే మొదటి స్థానం. వంద గజాల నుంచి ఐదు గుండ్లూ వడియమంత చోట దించేవాడు. దాక్కోవడం మాత్రం రాదు. ఆరడుగుల మూడంగుళాల మనిషి. ఎంత అణిగి పాకినా మడమలు పైకి లేచేవి. ఆ దాక్కునే పరీక్ష ఒకసారి తప్పాడు. ఈసారీ తప్పితే వెనక బ్యాచ్‌లోకి దింపుతారు. వచ్చే శనివారం కొడుకు శిక్షణ ముగింపు కవాతు చూడటానికి తల్లి రామాంజినమ్మ ఊళ్లో పదిమందికి చెప్పి జీపు కూడా మాట్లాడేసింది.

చేను చివర బల్ల వేసుకుని, దానిమీద పలక నిలబెట్టి జయరాం నియమం చెప్పాడు. "నాలుగొందల గజాల అవతల నుంచి బయలుదేరు. పాకుతావో, దొర్లుతావో నీ ఇష్టం. తొమ్మిదిలోపల, నేను నిన్ను చూసి ఈల వేయకముందే, ఈ పలకమీద అంకె చదివి చెప్పాల. అంతే."

ఓబుళేసు ఒంటికి ఎర్రమన్ను పూసుకున్నాడు. వీపుకు ఎండుగడ్డి, నిరుటి వేరుశనగ కట్టె కట్టుకున్నాడు. మడమలు నేలకు అదిమి, ముక్కు మట్టికి ఆనించి, సగం దూరం పాకి తంగేడు పొద పక్కన ఆగాడు. అక్కడ పెద్దక్క కంట పడ్డాడు.

పెద్దక్క పక్క ఊరి మనిషి. ఇరవై ఏళ్లుగా తొలకరి పడిన మరుసటి పొద్దునే వజ్రాలు వెతకడానికి ఆ చేలకు వస్తోంది.

"ఏమప్పా, దొరికిందా?"

ఓబుళేసు పలకలేదు. ఆ చేలల్లో రాయి దొరకనివాడు నడుము నొప్పి గురించి గంటసేపు చెబుతాడు. పలకనివాడు దొరికినవాడే.

"చూపీయప్పా. ఎవురికీ చెప్పను."

"పో అవ్వా. నేను దాక్కోనుండా," అన్నాడు పెదవులు కదపకుండా.

"దొరికినోడే కదప్పా దాక్కునేది," అంటూ పెద్దక్క పక్కనే తువ్వాలు పరుచుకుని కూర్చుంది.

ఇరవై ఏళ్లలో పెద్దక్క మధ్యాహ్నం కాకముందు కూర్చోవడం ఎవరూ చూడలేదు. అది చూసి, అవతలి చాలులో రాళ్లు వెతుకుతున్న చౌడప్ప వచ్చాడు.

"ఏమక్కా, కూర్చున్నావు?"

"ఏం లేదప్పా, కాళ్లు నొస్తాండాయి."

చౌడప్ప ఆ మాట నమ్మలేదు, వెంటనే గుంతకల్లులోని బావమరిదికి ఫోన్ చేశాడు. అరగంటలో నాలుగు ఆటోలు దిగాయి. ఆటోల వెనకే బజ్జీల బండి వచ్చింది. దాని వెనక మోటారు సైకిలు మీద చేను యజమాని బయ్యన్న వచ్చాడు.

"నా చేలో ఏం దొరికినా ముందు నాకు చూపాల. దొరికినోడు యాడ?"

"ఈడనే యాడనో ఉండాడంటన్నా, గడ్డి కప్పుకున్నోడు," అన్నాడు ఆటో దిగినవాడొకడు.

"గడ్డి ఎందుకప్పా?"

"రాయి అంత పెద్దదంట."

అవతల జయరాం బైనాక్యులర్‌లో చూస్తే పొదకొక మనిషి పాకుతూ కనిపించాడు. ఆయన ఈల వేశాడు. పదకొండు మంది లేచి నిలబడ్డారు. అందులో ఓబుళేసు లేడు. మళ్లీ వేశాడు, ఈసారి ఇద్దరు తిట్టారు. ఆయన గొంతెత్తి, "ఈడ మిలిటరీ పరీక్ష జరుగుతాండాది. అందరూ పోండి," అన్నాడు. వజ్రం కోసం మిలిటరీ కూడా దిగిందని పది నిమిషాల్లో వజ్రకరూరంతా తెలిసింది. మరో ఆరు ఆటోలు వచ్చాయి.

ఎనిమిదీ ముప్పావు అయింది. ఇంకా రెండొందల గజాలు అలాగే మిగిలి ఉన్నాయి. తనను ఎవరెవరో దాటుకుని పోతుంటే ఓబుళేసు మొగం వేలాడేశాడు.

"ఎందుకప్పా ఆ ఏడుపు మొగం?" అంది పెద్దక్క.

ఇక దాచడానికి ఏమీ లేదు కనుక పలక సంగతి, అమ్మ సంగతి, జీపు సంగతి చెప్పాడు.

"అంటే రాయి లేదా?"

"లేదవ్వా."

పెద్దక్క అతన్ని తేరిపార చూసింది. ఊరికే కూర్చుని పోగొట్టుకున్న గంటసేపును గుర్తుచేసుకున్నట్టుంది. తర్వాత లేచి, తువ్వాలు దులిపి అతని తలమీద కప్పి, చేతికి తన కట్టె ఇచ్చింది.

"ఆ గడ్డి పీకి పారెయ్యి. వంగి, నేల చూసుకుంటా నడువు. ఈడ ఈపొద్దు వంగినోన్ని ఎవురూ చూడరు. నిలబడినోన్నే చూస్తారు."

ఓబుళేసు వంగాడు. కట్టెతో మట్టి గెలుకుతూ, చౌడప్పను దాటి, బయ్యన్నను దాటి, బజ్జీల బండి చుట్టూ తిరిగి, మెల్లగా బల్ల దగ్గరికి చేరాడు. తువ్వాలు తీసి నిటారుగా నిలబడ్డాడు.

"అరవై మూడు, సార్."

జయరాం ఉలిక్కిపడి తలెత్తాడు. అప్పటిదాకా ఆయన తల నేలవైపే ఉంది. బైనాక్యులర్ బల్లమీద ఉంది.

"ఎప్పుడొచ్చినావురా?"

"మీరు ఆ తెల్లరాయి ఎండకు పెట్టి చూస్తాన్నప్పుడు, సార్."

జయరాం పిడికిలి మూశాడు. "ఇంగేం చూసినావు?"

"పలకమీద అంకె ఒక్కటే, సార్."

హవల్దారు ఆ పిడికిలిని జేబులో పెట్టుకున్నాడు. "పాసైనావు. మీ అమ్మను రమ్మను."

నివేదికలో ఆయన, 'పరిసరాల్లో కలిసిపోవడంలో బ్యాచ్ మొత్తానికి ప్రథముడు' అని రాశాడు. ఇంటికి చేరేసరికి పదకొండున్నర. సుష్మ అప్పుడు బొరుగులు నానేసింది.

సాయంత్రం ఉతకడానికి తీసిన ఆయన ప్యాంటు జేబుల్లో పద్నాలుగు తెల్లరాళ్లు దొరికాయి. సుష్మ, నీళ్లు నిలవకుండా ఉంటాయని వాటిని కరివేపాకు తొట్టి అడుగున వేసింది.